అత్తమ్మ పలకని రెండు పేర్లు

యాదగిరి నరసింహస్వామి తోడు

హాలియా దగ్గర, కాలువ గట్టు
14 ఏప్రిల్ 2019, ఆదివారం, దీపం పెట్టిన తర్వాత

కోడలు శ్రీవాణికి అత్తమ్మ దీవెనలు.

మంద క్షేమంగా చేరింది. మనుషులమూ క్షేమమే. మందను ముందు రాశానని నవ్వకు, ఈ ఇంట్లో వరుస అదే.

ఫోన్లుండగా ఈ కాగితం ఏమిటని అనుకుంటావు. మాకున్న ఒక్క ఫోనూ మీ మామ రొంటిన దోపుకుని మంద వెంట తిరుగుతాడు. సాయంత్రం నా చేతికి వచ్చినా నా గొంతు సంగతి నీకు తెలిసిందే, ఇంట్లోనే పక్క గదికి వినపడదు. ఇక్కడ మూడు వందల గొర్రెలు అరుస్తుంటే ఫోన్‌లో నేను మాట్లాడేది నాకే వినపడదు. పదో తరగతి దాకా చదివిన చదువు ఇన్నాళ్ళకు అక్కరకు వచ్చింది. సైదులు ఆదివారం ఆదివారం ట్రాలీ ఆటోలో మాకు సామాను తెస్తాడు, సోమవారం తిరిగి ఊరికి వస్తాడు. ఉత్తరాలు అతని చేతికే ఇద్దాము.

వరి కోసిన మళ్ళలో మంద పెట్టాము. రాత్రంతా గొర్రెలు పడుకుంటే ఆ మడికి ఎరువు, మాకు రైతు వడ్లు కొలుస్తాడు. గట్టు మీద పరదా కట్టుకున్నాము. మూడు రాళ్ళ పొయ్యి, ఒక కుండ, స్వామి పటం. తొలివానలు పడేదాకా ఇదే మా ఇల్లు.

పెళ్ళై మూడు నెలలు కాకముందే నిన్నూ మా అత్తనూ, అదే మీ అవ్వనూ, ఇంట్లో వదిలి వచ్చానని మనసులో ఉంది. మొన్న నువ్వు “రాజేశ్ లారీ తీసుకుని నాగపూర్ వెళ్ళాడు” అని మొగుణ్ణి పేరు పెట్టి అంటే మీ అవ్వ చెవులు మూసుకుంది. నాకు కోపం లేదు బిడ్డా. నాకు మాత్రం మీ మామ పేరు ఇన్నేళ్ళలో నోటికి రాలేదు. కొన్ని పేర్లు పలకకూడదని మా అమ్మ నేర్పింది.

ముఖ్యమైన మాట. మేము బయలుదేరిన పొద్దున మూల అర్ర గడప దగ్గర పురుగు జాడ కనిపించింది. నీకు చెప్పేలోపే మంద కదిలింది. బియ్యం బస్తాలు ఆ అర్రలోనే ఉన్నాయి కాబట్టి వెళ్ళక తప్పదు. వెళ్ళేముందు కర్రతో తలుపు తట్టు, అలికిడికి పక్కకు పోతుంది. చీకట్లో చెయ్యి పెట్టకు. టార్చి లేకుండా అడుగు పెట్టకు. పురుగును చంపవద్దు, దాని దారి దానిది. అంతా నరసింహస్వామి చూసుకుంటాడు. అయినా టార్చిలో సెల్లు మార్చు.

నీ మేలు కోరే,
అత్తమ్మ


రాళ్ళచెలక
20 ఏప్రిల్ 2019

అత్తమ్మకూ మామయ్యకూ నమస్కారాలు. గొర్రెలకు కూడా. వరుస తప్పితే క్షమించండి.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ గొంతు ఇంత స్పష్టంగా నేను ఇంట్లో కూడా ఎప్పుడూ వినలేదు.

మీరు రాసిన పురుగు దొరికింది! చదవగానే మూల అర్రలోకి వెళ్ళాను. ఒకటి కాదత్తమ్మా, గుప్పెడు. అన్నీ చిన్న చిన్నవే. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ చేత్తోనే ఏరి కోళ్ళకు వేశాను. కోళ్ళు ఎంత ఇష్టంగా తిన్నాయో! మీరు చంపవద్దన్నారు గానీ, వదిలిపెడితే పెరిగిపోతాయి కదా. మా నాన్న బియ్యం కొట్టులో ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు ఇదే పని. గుడివాడలో మా వీధిలో ఎవరింట్లో పురుగు పట్టాలన్నా నన్నే పిలిచేవారు. కాబట్టి దాని గురించి మీరు దిగులు పెట్టుకోకండి.

పురుగుకు మర్యాదగా తలుపు తట్టి లోపలికి వెళ్ళడం మాత్రం నాకు భలే నచ్చింది. ఇప్పుడు రోజూ తట్టి “రావచ్చాండీ” అని అడుగుతున్నాను. అవ్వ నన్ను చూసి తల ఊపుతోంది, బుద్ధి వచ్చిందన్నట్టు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. రాత్రి నడవాలో నేల మీదే చాప వేసుకుని పడుకుంటున్నాను, హాయిగా ఉంది.

ఒక చిన్న కోరిక. మామయ్య పేరు మీ నోట ఎలా ఉంటుందో వినాలని ఉంది. నోటితో వద్దు, ఒక్కసారి రాసి పంపండి. ఎవరికీ చూపించను.

మీ శ్రీవాణి


యాదగిరి నరసింహస్వామి తోడు

కాలువ గట్టు
21 ఏప్రిల్ 2019, దీపం పెట్టిన తర్వాత

బిడ్డా శ్రీవాణీ,

నీ ఉత్తరం చదివి కింద పెట్టి మళ్ళీ తీసి చదివాను. గుప్పెడా? చేత్తోనా?

మీ మామకు వినిపించాను. మాతో మంద కలిపిన కాటమయ్య, మీ మామ చిన్నాయిన కొడుకు, అన్నం తింటున్నవాడు తినడం ఆపాడు.

“గుప్పెడా! గుడివాడ పిల్లలు గింత ధైర్యం చేస్తరా వదినా? నా పెండ్లాం బల్లిని జూస్తె మంచమెక్కుతది.”

“ఏమనుకున్నవ్‌ రా మా కోడలంటె!” అని మీ మామ మీసం దువ్వాడు. “కోళ్ళకేసిందట, కోళ్ళకు!”

పొద్దు గూకేసరికి చుట్టుపక్కల నాలుగు మందలకు ఈ సంగతి పాకిపోయింది. ఒక ముసలాయన వచ్చి, మీ కోడలు ఇటు వస్తే మా గడ్డివాము ఒకసారి చూసి పొమ్మనండి, పురుగులున్నట్టున్నాయి అని అడిగిపోయాడు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆలోచిస్తే, బియ్యం ఉన్నచోటికి ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట అది వస్తుంది. మీ నాన్న కొట్టులో నీకు అలా అలవాటై ఉంటుంది. కానీ బిడ్డా, అన్నీ చిన్నవే అంటున్నావు. పిల్లలు ఉన్నాయంటే తల్లి అక్కడే ఎక్కడో ఉంటుంది. ఇక మీద చేత్తో పట్టకు. నీకు దండం పెడతాను.

నేల మీద పడుకోకు. ఎంత ఉక్కపోసినా మంచం వేసుకో. దోమతెర కట్టి అంచులు బొంత కిందికి దోపు. చెప్పులు దులిపి వేసుకో. పొయ్యిలోకి కట్టె తీసేముందు తట్టి తియ్యి. ఇక్కడ నేను ఇవే చెబితే మీ మామ వినడు. “గొంగడి పరుసుకున్నోని కాడికి పురుగు రాదే, గొర్రె బొచ్చు గుచ్చుకుంటది” అంటాడు. వాళ్ళ తాత చెప్పాడట. వాళ్ళ తాతకు ఎవరు చెప్పారో, పురుగును ఎవరూ అడిగినట్టు లేదు.

ఆయన పేరు అడిగావు. పెద్దదానితో పరాచకాలు! ఇంకేదైనా అడుగు.

రేపు ఎట్లాగైనా మీ మామ దగ్గర ఫోన్ తీసుకుని మాట్లాడతాను.

నీ అత్తమ్మ


రాళ్ళచెలక
27 ఏప్రిల్ 2019

అత్తమ్మకు నమస్కారాలు.

మీరు ఫోన్ చేసినందుకు చాలా సంతోషం. మీ మాటకంటే గొర్రెల మాటే ఎక్కువ వినిపించింది. కానీ ఒకటి మాత్రం నాలుగైదుసార్లు గట్టిగా చెప్పారు, “నెయ్యి పెట్టకు, నెయ్యి పెట్టకు” అని. ఆ పూట నుంచే అవ్వకు నెయ్యి వేయడం మానేశాను. అరగడం లేదని మీకెలా తెలిసిందో! అవ్వ నాతో మాట్లాడటం మానేసింది. కంచం వైపు చూస్తుంది, నా వైపు చూస్తుంది, నిట్టూరుస్తుంది.

మాట్లాడినప్పుడు కూడా ఒకటే మాట. “పురుగును ఏమనకు బిడ్డా. అది మనదే. మీ తాత ఉన్నప్పటి సంది ఈ ఇంట్లనే తిరుగుతది.” మామయ్య నాన్నగారి కాలం నుంచా! అంత ఆయుష్షున్న పురుగును నేను మా నాన్న కొట్టులో ఎప్పుడూ చూడలేదు.

మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను. దోమతెర కట్టాను, దోమలు నిజంగానే ఉన్నాయి. మంచం మీదే పడుకుంటున్నాను. చెప్పులు కూడా దులుపుతున్నాను గానీ, చెప్పుల్లో పురుగు ఏం తింటుందో నాకు అర్థం కాలేదు. మూల అర్రలో వేపాకు వేశాను, ఎండుమిరపకాయలు కూడా. మళ్ళీ ఒకటీ కనిపించలేదు. తల్లిని ఎలా గుర్తుపట్టాలో రాయండి, చూస్తాను.

గడ్డివాము పెద్దాయనకు చెప్పండి, గడ్డిలో పురుగు నాకు అలవాటు లేదు, బస్తాల్లో అయితేనే.

రాజేశ్ ఫోన్ చేశాడు. ఇంకా నాగపూర్‌లోనే ఉన్నాడు, లోడు దొరకలేదట.

మీ శ్రీవాణి


యాదగిరి నరసింహస్వామి తోడు

కాలువ గట్టు
28 ఏప్రిల్ 2019, దీపం పెట్టిన తర్వాత

బిడ్డా శ్రీవాణీ,

నెయ్యి వద్దని ఎవరన్నారు? నేను అన్నది “చెయ్యి పెట్టకు” అని! మూల అర్రలో చెయ్యి పెట్టకు. మీ అవ్వకు ఈ పూటే రెండు చెంచాలు వెయ్యి. ఆమె అలక ఎంత కాలం ఉంటుందో నేను చూసినదాన్ని.

అవ్వ చెప్పింది నిజమే. తాతల నుంచి ఉన్నదో, దాని పిల్లల పిల్లలో, ఆ ఇంటి చుట్టూ తిరగడం మామూలే. అది మన జోలికి రాదు, మనం చూసుకోకుండా మీద పడితే తప్ప.

ఇక్కడ ఒక విచిత్రం. నిన్న పొద్దున మీ మామ లేచి కాలువకు పోయి వచ్చి, పరిచి ఉన్న గొంగడి మడుద్దామని కొస పట్టి ఎత్తాడు. గొంగడి కిందే హాయిగా పడుకుని ఉంది పురుగు! రాత్రంతా ఈయన పైన, అది కింద. మీ మామ ఎగిరిన ఎగురుడుకు తలరుమాలు ఒక దిక్కు, చేతికర్ర ఒక దిక్కు. “వదినా, అన్న పొట్టేలు దాటినట్టు దాటిండు!” అని కాటమయ్య పొట్ట పట్టుకున్నాడు. ఎవరూ కదలకుండా నిలబడ్డాము. అది నిదానంగా మడిలోకి పోయింది. “తాత చెప్పిన గొంగడి వేరే అయి ఉంటది” అని మీ మామ. అప్పుడే సైదులుకు ఫోన్ చేసి ఇవాళ రెండు మడత మంచాలు తెప్పించాడు, నేను చెప్పినందుకు కాదట, నడుము నొప్పికట.

గొంగడి ఉంటే పురుగు రాదన్న మాట నువ్వూ నమ్మకు. మూల అర్రలో మన గొంగళ్ళ మూటలు ఉన్నాయి. ఆ మూటల్లో అసలే చెయ్యి పెట్టకు.

నీ అత్తమ్మ


రాళ్ళచెలక
4 మే 2019

అత్తమ్మకు నమస్కారాలు.

గొంగడిలో ఒక్క పురుగుకు మామయ్య అంత ఎత్తు ఎగిరారంటే నాకు నవ్వు ఆగలేదు. అవ్వకు చెబితే నవ్వలేదు, చేతులెత్తి దండం పెట్టింది. నెయ్యి ఇప్పుడు మూడు చెంచాలు వేస్తున్నాను. రెండు తింటుంది, మూడోది అలక కింద వదిలేస్తుంది.

శుక్రవారం గాలిదుమారానికి చుట్టుపక్కల స్తంభాలన్నీ పడిపోయాయి. కరెంటు లేదు, ఊళ్ళో ఎవరి ఫోనూ పలకడం లేదు. టార్చి సెల్లు కూడా అయిపోవచ్చాయి.

ఒక మాట అడగాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ప్రతి ఉత్తరంలో మూల అర్రలో చెయ్యి పెట్టకు, చెయ్యి పెట్టకు అని రాస్తున్నారు. ఆ అర్రలో మీ ఇంటి దేవుడు బీరప్ప సామాను ఉంది, మీ తాతల గొంగళ్ళు ఉన్నాయి. నేను గుడివాడ నుంచి వచ్చిన పిల్లను. మీ దేవుడి అర్రలో బయటి పిల్ల చెయ్యి పడకూడదని, ఆ మాట నొప్పించకుండా చెప్పడానికి పురుగు వంక పెడుతున్నారేమో అనిపించింది. మీరు మెత్తటివారు, మొహం మీద అనలేరు. కోపంతో రాయడం లేదు అత్తమ్మా. అనిపించింది రాశాను.

అందుకే ఒకటి నిశ్చయించుకున్నాను. గొంగళ్ళకు కూడా పురుగు పడుతుందని మీరే రాశారు కదా. సోమవారం పొద్దున తలంటుకుని, బీరప్పకు దీపం పెట్టి, ఆ మూటలన్నీ ఒక్కొక్కటీ విప్పి, మూలల్లో చెయ్యి పెట్టి దులిపి, ఎండలో వేస్తాను. మీరు వచ్చేసరికి ఆ అర్ర అద్దంలా ఉండాలి. అప్పుడైనా ఈ ఇంటి పిల్లనేనని మీకు అనిపించాలి.

మీ శ్రీవాణి


కాలువ గట్టు
5 మే 2019, ఆదివారం, దీపం పెట్టిన వేళ

శ్రీవాణీ,

పాము.

నేను పురుగు అని రాసిన ప్రతిచోటా పాము అని చదువుకో. మూల అర్రలో తిరుగుతున్నది పాము. నాగుపాము. మీ మామ గొంగడి కింద పడుకున్నది పాము.

దీపం పెట్టాక ఆ పేరు ఎత్తితే పిలిచినట్టు అనుకుని వస్తుందని మా అమ్మ చెప్పేది. అందుకే ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు దీపం ముందే కూర్చుని రాస్తున్నాను. పిలిచినట్టయితే అయింది. పిలిచింది నేను, వస్తే నా దగ్గరికే రానీ.

నిన్న తెల్లవారుజామున కాటమయ్యను కాలువ గట్టు మీద కరిచింది. దవాఖానలో బతికాడు. అక్కడ మేము పురుగు అంటే వాళ్ళు వేరే అనుకున్నారు. ఇవాళ సాయంత్రం నీ ఉత్తరం విప్పి చదువుతుంటే, నువ్వూ వేరే అనుకున్నావని అప్పుడు తెలిసింది. ఆ కథ తర్వాత.

ఫోన్ కలవడం లేదు. సైదులును కోడి కూయకముందే పంపిస్తున్నాను, దారిలో చాయ్ కూడా తాగవద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

మూటలు ముట్టకు. తలుపు వేసి, కింది సందులో బట్ట కుక్కు. అవ్వను తీసుకుని అరుగు మీద కూర్చో. దేవరకొండలో రాంచందర్ అని పాములు పట్టి అడవిలో వదిలే అతను ఉన్నాడు, ఫోన్ కలిస్తే నంబరు క్యాలెండర్ వెనుక రాసి ఉంది. లేదంటే సైదులు పోయి అతన్ని తెస్తాడు. స్వామి దయ వల్ల అట్లా జరగకూడదు గానీ, కరిస్తే తాడు కట్టవద్దు, బ్లేడు పెట్టవద్దు, మంత్రం కోసం ఆగవద్దు. చెయ్యి కదపకుండా సైదులు బండిలో నేరుగా పెద్ద దవాఖానకు. అక్కడ పాము అనే చెప్పు. పురుగు అనకు.

ఆ అర్ర నీది. బీరప్ప సామానూ, గొంగళ్ళూ, ఆ ఇల్లూ నీవి. ఆ ఒక్క పాము మాత్రమే నీది కాదు.

అత్తమ్మ


రాళ్ళచెలక
6 మే 2019, సాయంత్రం

అత్తమ్మా,

ముందు ఇది చదవండి: నేను బాగున్నాను. అవ్వ బాగుంది. పాము కూడా బాగుంది.

పొద్దున తలంటుకుని, దీపం పెట్టి, తలుపు తట్టి లోపలికి వెళ్ళాను. రెండు మూటలు బయటికి లాగేశాను. మూడోదాని వెనక్కి మోచేతి దాకా చెయ్యి పెట్టి కొస కోసం వెతుకుతున్నాను. బయట ఆటో హారన్, సైదులన్న కేక.

“అక్కా! పురుగు! పురుగున్నది!”

“తెలుసు సైదులన్నా! దాన్నే ఏరుతున్నా!”

“ఏరుతున్నవా!” అని ఆయన వాకిట్లోనే కూలబడ్డాడు. కూర్చునే ఉత్తరం ఉన్న చెయ్యి చాపాడు. విసుక్కుంటూ వచ్చి విప్పాను. ఒంటి మీద ఇంకా గొంగడి నూగు ఉంది. మొదటి మాట చదివి ఇది మీ అక్షరం కాదేమో అనుకున్నాను. రెండో వాక్యం చదివి నా మోచెయ్యి వైపు చూసుకున్నాను.

సైదులన్న టార్చి తీసుకుని గడప ఇవతలి నుంచే లోపలికి వేశాను. మూడో మూట వెనుక, నా మోచెయ్యి ఆగినచోటికి జానెడు దూరంలో, చుట్ట చుట్టుకుని ఉంది. పడగ ఎత్తలేదు. బుస కొట్టలేదు. నన్ను చూస్తూ ఉంది, ఇంత సేపు ఓర్చుకున్నాను, ఇక చాలు అన్నట్టు.

మీరు రాసినట్టే తలుపు వేశాను, బట్ట కుక్కాను, అవ్వను అరుగు మీద కూర్చోబెట్టాను. అవ్వ అంది, “నేను చెప్తనే ఉన్న గద నే! పురుగున్నది, పురుగున్నది అని. వింటివా?” రాంచందర్ వచ్చేదాకా అవ్వ నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని నిమురుతూనే ఉంది. అప్పుడు ఏడ్చాను అత్తమ్మా. భయంతో కొంత. మీ ఉత్తరంలో చివరి రెండు వరుసలకు కొంత.

రాంచందర్ కొక్కెం కర్ర, సంచి కట్టిన గొట్టం తెచ్చాడు. పాము దానంతట అదే గొట్టంలోకి, చీకటి చోటనుకుని, పాకింది. గోడ మూలన ఎలుక బొరియ చూపించి, దీన్ని సిమెంటుతో మూయండి, బస్తాలు బల్ల మీద పెట్టండి, ఎలుకలు పోతే ఇదీ రాదు అన్నాడు. అవ్వ సంచికి దండం పెట్టి, “జర మెల్లగ తీస్కపో కొడుకా” అని చెప్పింది.

ఇప్పుడు నవ్వు వస్తోంది. అత్తమ్మా, నేను గుప్పెడు ఏరి కోళ్ళకు వేసింది బియ్యంలో ముక్కు పురుగులు! నాలుగు మందల వాళ్ళు నా గురించి ఏమనుకుంటున్నారో తలుచుకుంటే ఎక్కడ దాక్కోవాలో తెలియడం లేదు. గడ్డివాము పెద్దాయనకు నా తరఫున చెప్పండి, నేను రాను.

ఆదివారం దాకా ఆగకుండా సైదులన్న ఈ ఉత్తరం రేపే తెచ్చి ఇస్తానన్నాడు. దవాఖానలో ఏం జరిగిందో రాయండి. వేచి ఉన్నాను.

మీ ఇంటి పిల్ల,
శ్రీవాణి


యాదగిరి నరసింహస్వామి తోడు

కాలువ గట్టు
12 మే 2019, పొద్దున

మా ఇంటి పిల్లకు,

నీ ఉత్తరం స్వామి పటం ముందు పెట్టి దండం పెట్టి, ఆ తర్వాత కూర్చుని నవ్వాను. ముక్కు పురుగులా! మీ మామ రెండు రోజులు మీసం దువ్వలేదు. కాటమయ్య దవాఖాన నుంచి వచ్చి మంచం మీద ఉన్నాడు, కాలి వాపు తీసింది. విని ఏమన్నాడో తెలుసా? “గట్లయితె మీ కోడలు బియ్యమే ఏరుతదా వదినా? నేను దవాఖానల డాక్టరుకు గూడ చెప్పుకుంటినే!”

ఆ రోజు సంగతి రాస్తాను. మసక వెలుతురులో, చెప్పులు లేకుండా, టార్చి లేకుండా గట్టు మీద పోయాడు. రక్తపింజరి మీద కాలు వేశాడు. తాడు కడదామని ఒకరు, మంత్రం వేసే ఆయన పక్క ఊళ్ళోనే ఉన్నాడని ఒకరు. నేను స్వామిని నమ్ముకున్నదాన్నే. మొక్కులు దారిలో మొక్కుకుందాం, ముందు బండి ఎక్కించండి అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఇక నేనే పోయి రైతు ఆటోలో కూర్చున్నాను. అప్పుడు అందరూ ఎక్కారు.

పెద్ద దవాఖానలో మీ మామ కౌంటర్ దగ్గర నిలబడి ఒకటే అరుపు. “పురుగు సారూ! మందు! జల్ది మందియ్యుండ్రి! పురుగు!” అక్కడి కుర్ర డాక్టర్లు కొత్తవాళ్ళు. పురుగుల మందు తాగాడనుకున్నారు.

“ఎంత తాగాడు? డబ్బా తెచ్చారా?”

“నేను చాయ్ గూడ తాగలే సారూ!” అని కాటమయ్య.

“తాగినవాళ్ళంతా ఇలాగే అంటారు, పడుకో,” అని పొట్ట కడగడానికి గొట్టం తెచ్చారు. మీ మామ ఇంకా గట్టిగా అరిచాడు, మందు మందు అని. ఆయన్ను బయటికి పంపి తలుపు వేశారు. లోపల నేనూ, కాలు ఉబ్బిపోతున్న కాటమయ్యా, ఆ గొట్టమూ.

అప్పుడు నా నోటి నుంచి వచ్చింది. “పాము! పాము కరిసింది! కాలు జూడుండ్రి!” వరండా అంతా తిరిగి చూసింది. నా గొంతు నాకు వినపడటం అదే మొదటిసారి బిడ్డా. గొట్టం పోయి సూది వచ్చింది. ఆ తర్వాత వాళ్ళు చాలా బాగా చూశారు, వాళ్ళ తప్పేమీ లేదు. మేము దాచిన పేరును వాళ్ళు ఎట్లా చదువుతారు?

అంతటితో అయిపోలేదు. చీటీ రాసే అమ్మాయి అడిగింది, తెచ్చినవాళ్ళ పేరు? సత్తమ్మ. భర్త పేరు? చుట్టూ చూశాను, నా బదులు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆయనేమో తలుపు అవతల. మామూలుగా అయితే పక్కవాళ్ళను పిలిచి చెప్పించేదాన్ని. కాటమయ్య వైపు చూశాను, మందు మత్తులో ఉన్నాడు. చెప్పేశాను. ఒకే పొద్దున రెండు పేర్లు.

నీకు ఉత్తరం రాసిన రాత్రి టార్చి పట్టుకుని మంచం చుట్టూ చూశాను, చెప్పానుగా, నా దగ్గరికే రమ్మన్నానని. ఏదీ రాలేదు. శివుడు మెడలో వేసుకున్నాడు, విష్ణువు పక్క వేసుకున్నాడు. వాళ్ళు దేవుళ్ళు. మనకు మంచం ఎత్తు దూరం చాలు. ఇక్కడ ఇప్పుడు మడత మంచాలు, దోమతెరలు, ఒక్కొక్కరికి ఒక టార్చి. మీ మామ రబ్బరు బూట్లు కొనుక్కుని గొర్రెలకు చూపించుకుంటూ తిరుగుతున్నాడు. అట్లాగని అమ్మ మాట అబద్ధమని అనను. ఆమెకు టార్చి లేదు. పేరుకు భయపడితేనైనా పిల్లలు చీకట్లో కాలు చూసి పెడతారనుకుని ఉంటుంది.

తొలివాన పడగానే మంద మళ్ళుతుంది. వచ్చాక మూల అర్ర నువ్వూ నేనూ కలిసి సర్దుదాం. ఎలుక బొరియ మూశానని నీ ఉత్తరంలో రాయలేదు, అది ఈ వారమే మూయించు. అవ్వకు నెయ్యి మూడు చెంచాలే వెయ్యి, మూడోది వదిలేయడం ఆమె సంతోషం.

ఇంకొకటి అడిగావు. నేను ఇంకేదైనా అడగమన్నాను, నువ్వు అడగలేదు. సరే, దవాఖాన చీటీలో ఎలాగూ పడింది, నీ కాగితంలోనూ పడనీ.

బీరన్న.

రాసేటప్పుడు పెదవులు కదుపుతూ చదువుకోవడం నాకు అలవాటు. గట్టిగా అననే లేదు. చుట్టూ మూడు వందల గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. అయినా కాలువ అవతలి గట్టు మీద నుంచి, రబ్బరు బూట్లతో నీళ్ళు తొక్కుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“ఏందే, పిలిచినవా?”

చూశావా బిడ్డా. అమ్మ చెప్పింది నిజమే. పేరెత్తితే వస్తారు.

నీ అత్తమ్మ,
సత్తమ్మ